నీలిమను ప్రశ్నించిన శాస్త్రవేత్త

మహానంది కోనేటి నీరు స్ఫటికం వలె స్వచ్ఛమైనది. అడుగున పడిన నాణెం సైతం స్పష్టంగా కనిపిస్తుంది. రంగులేని ఆ నీరే సముద్రంలో నీలంగా తోస్తుంది. నల్లమల కొండలపై ఉదయం ఎరుపెక్కిన ఆకాశం మధ్యాహ్నం నీలవర్ణం దాల్చి, సాయంకాలం పడమట మరల అరుణిమను పొందుతుంది. నిత్యం చూచే ఇట్టి వింతలను ప్రశ్నించి సత్యాన్ని అన్వేషించిన మహనీయుడు సర్ చంద్రశేఖర వెంకట రామన్.

రామన్ 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో పార్వతి అమ్మాళ్, చంద్రశేఖర అయ్యర్ దంపతులకు జన్మించారు. తండ్రి విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులుగా చేరడంతో ఆయన బాల్యం ఆ సాగరతీరంలో గడిచింది. పదకొండవ ఏట మెట్రిక్యులేషన్, అనంతరం నేటి ఇంటర్మీడియట్‌కు సమానమైన ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఉన్నత విద్య ముగించి, 1907లో కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగిగా చేరారు. తీరిక వేళలన్నీ ప్రయోగశాలకే అంకితం చేశారు. 1917లో అధిక వేతనం గల ఆ కొలువును వీడి కలకత్తా విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవిని స్వీకరించారు.

ఆకాశపు రంగుల రహస్యాన్ని ఆంగ్ల శాస్త్రవేత్త లార్డ్ రేలీ అప్పటికే వివరించారు. సూర్యకాంతి పలు రంగుల సమ్మేళనం. గాలిలోని అణువులు ఎరుపుకంటే నీలాన్ని అధికంగా చెదరగొడతాయి. కనుక పగటి ఆకాశం నీలంగా ఉంటుంది. ఉదయాస్తమయ వేళల్లో కాంతి వాయుమండలంలో సుదీర్ఘంగా పయనిస్తుంది. దారిలో నీలం చెదరిపోగా ఎరుపు మిగులుతుంది. అయితే సముద్రపు నీలం ఆకాశపు ప్రతిబింబమేనని రేలీ భావించారు.

1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ రామన్ మధ్యధరా సముద్రపు నీలిమకు ముగ్ధులయ్యారు. ఎంతటి విద్వాంసుని మాటనైనా పరీక్షించి గ్రహించడం ఆయన స్వభావం. నికల్ పట్టకంతో నీటిపై ప్రతిఫలించే ఆకాశకాంతిని తొలగించి చూచారు. నీలిమ తగ్గలేదు సరికదా, ఇనుమడించింది. నీటి అణువులు కూడా కాంతిని చెదరగొడతాయని ఆయన గ్రహించారు. నీరు ఎరుపు కాంతిని శోషించుకోవడం సముద్రపు నీలిమకు ప్రధాన కారణమనీ, కాంతి పరిక్షేపణం దానికి తోడవుతుందనీ నేటి శాస్త్రం చెబుతున్నది. అయినా ఆనాటి సందేహం వ్యర్థం కాలేదు. ద్రవాలలో కాంతి పరిక్షేపణంపై సుదీర్ఘ పరిశోధనకు అది నాంది పలికింది.

శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ సహకారంతో సాగిన ఆ కృషి 1928 ఫిబ్రవరి 28న ఫలించింది. చెదిరిన కాంతిలో కొంత భాగం తన రంగునే మార్చుకుంటుందని తేలింది. అదే రామన్ ఫలితం. దానికి 1930లో నోబెల్ బహుమతి లభించింది. 1954లో భారతరత్న పురస్కారం వరించింది. రామన్ 1970 నవంబర్ 21న బెంగుళూరులో పరమపదించారు. ఫిబ్రవరి 28ని 1987 నుండి జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకుంటున్నాం.

ఆకాశం, సాగరం అందరికీ కనిపించేవే. చూచినదానిని ప్రశ్నించి, ప్రశ్నను పరీక్షకు నిలిపినవారికే ప్రకృతి తన రహస్యాన్ని వెల్లడిస్తుందని రామన్ జీవితం చాటుతున్నది.