మాట మాటనూ సరిచూసిన పంతులుగారు



మన హాస్టల్ వార్షికోత్సవానికి పాత విద్యార్థులందరినీ పిలవాలని నిర్ణయించినప్పుడు ఆ పని మా ముగ్గురి మీద పడింది. అదే సమయంలో ఈ సంచికకు ఒక మహనీయుని జీవిత చరిత్ర రాసిపెట్టమని వార్డెన్ గారు అడిగారు. మన జిల్లావారైతే బాగుంటుందని గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారిని ఎంచుకున్నాం. పగలు ఈమెయిల్ చిరునామాలు, రాత్రి పంతులుగారి పుస్తకాలు. నాలుగైదు రోజులు గడిచేసరికి రెండు పనులూ ఒకేలా కనిపించసాగాయి. అందుకని ముందు చిరునామాల సంగతి కాస్త చెప్పి, తర్వాత పంతులుగారి దగ్గరకు వస్తాం.

మాకిచ్చిన జాబితాలో తొమ్మిది వందల చిల్లర చిరునామాలున్నాయి. ఏ ఏటికాయేడు రిజిస్టర్లో చేత్తో రాసినవాటిని ఎవరో కంప్యూటర్లోకి ఎక్కించారు. అన్నింటికీ ఒకేసారి ఉత్తరం కొట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నాం. సరిపోదు. లేని చిరునామాలకు గుంపుగా ఉత్తరాలు పంపితే అవి తిరిగి రావడమే కాదు, మెయిల్ కంపెనీలు పంపినవారినే అనుమానిస్తాయి. ఆపైన మంచి చిరునామాకు వెళ్లే ఉత్తరం కూడా స్పామ్‌లో పడుతుంది. కాబట్టి ముందే జల్లెడ పట్టాలి. మొదటి జల్లెడ రూపం చూస్తుంది. ఎట్ గుర్తు ఉందా, చివర డాట్ కామ్ వంటిది ఉందా, జీమెయిల్ స్పెల్లింగ్ సరిగా ఉందా, ఒకే చిరునామా రెండుసార్లు పడిందా అని. రెండోది ఊరు చూస్తుంది అనుకోండి. ఎట్ గుర్తు తర్వాత వచ్చే డొమైన్ ఇంకా నడుస్తోందా, దానికి ఉత్తరాలు అందుకునే సర్వర్ ఉందా అని. మూడోది తలుపు తట్టడం. ఉత్తరం ఇవ్వకుండానే, ఫలానా పేరుగలవారు ఇక్కడ ఉన్నారా అని ఆ సర్వర్‌ను అడగడం. కొన్ని సర్వర్లు ఏ పేరు అడిగినా ఉన్నారనే అంటాయి. కొన్ని ఏమీ తేల్చవు. ఇదంతా ప్రోగ్రాం రాస్తే కంప్యూటరే చేసేస్తుంది. కానీ గట్టి రుజువు మాత్రం ఆ మనిషి జవాబు రాయడమే.

మొదటి జల్లెడకు నియమాలు మేమే రాశాం. పేరులో ప్లస్ గుర్తు ఉన్న చిరునామా ఒకటి కనబడితే తప్పని తీసి పారేశాం. వారం తిరక్కుండా ఆ అన్నయ్య ఫోన్ చేసి, అందరికీ పిలుపు అందింది, నాకెందుకు రాలేదని అడిగారు. ప్లస్ గుర్తు ఈమెయిల్ చిరునామాలో చక్కగా చెల్లుతుంది. ఆ సంగతి మా నియమానికే తెలియదు. బతికున్న మనిషిని మా సొంత నియమంతో కొట్టేసినందుకు సిగ్గుపడ్డాం. ఆ రాత్రి చదువుతున్నది పంతులుగారి వాడుకభాష పోరాటం గురించి. అక్కడా గొడవ అదే.

పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార ఒడ్డున ఉన్న పర్వతాలపేటలో పుట్టారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. పన్నెండేళ్ల వయసులోనే తండ్రి పోయారు. విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి బడిలో చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. మరుసటి సంవత్సరమే, అంటే పదిహేడేళ్లకే, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తి చేశారు. ఆయనది మనలాంటి ఇల్లు కాదు, చదువు తెలిసిన కుటుంబమే. అయినా తండ్రి లేని పిల్లవాడు ఇంకొకరి ఇంట ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

పర్లాకిమిడి ఎక్కడో దూరాన లేదు. మన పాతపట్నం దాటితే అదే, మధ్యలో ఉన్నది రాష్ట్రాల సరిహద్దు మాత్రమే. ఆ చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్ల మాట పట్నంలో వినబడేది, ఎవరికీ అర్థమయ్యేది కాదు. పంతులుగారికి ఆ భాష నేర్చుకోవాలనిపించింది. 1890ల మొదట్లో సంగతి ఇది. నేర్చుకోవడానికి పుస్తకం లేదు. అందుకని తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒక దళితుణ్ణి తన ఇంట్లోనే ఉంచుకొని, ఆయన దగ్గర నేర్చుకున్నారు. ఈ ఒక్క వాక్యం దగ్గర మేం చాలాసేపు ఆగిపోయాం. నూట ముప్పై ఏళ్ల కిందట ఒక బ్రాహ్మణ ఉపాధ్యాయుడి ఇంట్లో ఒక దళితుడు గురువుగా ఉండడమంటే ఏమిటో ఈ హాస్టల్లో ఉన్నవాళ్లకు విడమరిచి చెప్పాలా? సవర మాటల పట్టికలో మొదటి మాట ఔనో కాదో చెప్పినవాడు ఆయనే. మేం చదివిన జీవిత చరిత్రల్లో ఆయన కులం రాశారు గానీ పేరు రాయలేదు. పంతులుగారి మీద మాకున్న గౌరవం దీనివల్ల తగ్గలేదు. కానీ ఆ పేరు తెలిసి ఉంటే ఈ వ్యాసానికి శీర్షికలో ఇద్దరి పేర్లూ ఉండేవి.

సవర భాషకు తెలుగుతో చుట్టరికం లేదు. అది ముండా కుటుంబానికి చెందినది. సంతాలీ, ముండారీ భాషలు దానికి అక్కచెల్లెళ్లు. తెలుగును బట్టి ఊహించి ఒక్క మాట కూడా రాసుకోవడానికి లేదు. ఒక ఉదాహరణ చెబుతాం. మనకు పది తర్వాత పదకొండు, పన్నెండు, పదమూడు. లెక్క పది మీద నడుస్తుంది. సవరల లెక్క పన్నెండు దాకా విడి మాటలతో వెళుతుంది. పన్నెండును మిగ్గెల్ అంటారు. పదమూడు అంటే పన్నెండూ ఒకటి, పధ్నాలుగు అంటే పన్నెండూ రెండు. ఇరవై దగ్గర మళ్లీ కొత్త మెట్టు. ముప్పై మూడు చెప్పాలంటే ఇరవై, పన్నెండు, ఒకటి. పదీ ఒకటీ తెలుసుకున్నాం కదా, మిగతావి మనమే కట్టుకోవచ్చు అనుకున్నవాడి పట్టిక పదమూడు దగ్గరే తప్పుతుంది. లెక్క ఒక్కటే కాదు. మాట మధ్యలో గొంతు చటుక్కున మూసుకొని తెరుచుకునే శబ్దం ఒకటుంది, దానికి తెలుగులో అక్షరం లేదు. పేర్లకు విడిగా ఉన్నప్పుడు ఒక రూపం, వేరే మాటతో కలిసినప్పుడు కుదించిన రూపం. ఇలాంటివి చెవితో విని, పలికి, ఔననిపించుకొని రాసుకోవాలి తప్ప వేరే దారి లేదు.

అందుకే పంతులుగారు కొండలెక్కారు. సవర ఊళ్లకు వెళ్లి పాటలు, కథలు, మాటలు సేకరించారు. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి విరివిగా వాడిన క్వినైన్ ఆయన వినికిడిని దెబ్బతీసింది. శబ్దం విని రాసుకోవడమే పనిగా పెట్టుకున్నవాడికి చెవులు పోవడం కన్నా పెద్ద నష్టం ఏముంటుంది? అయినా పని ఆపలేదు. కుమారుడు సీతాపతిగారు కూడా అదే పరిశోధనలో దిగారు. సవర పిల్లలకు సవర భాషలోనే వాచకాలు రాసి, సొంత డబ్బుతో బడులు నడిపారు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం ఇంగ్లీషులో మద్రాసు ప్రభుత్వ ముద్రణగా వచ్చింది. ఆ దశాబ్దంలోనే నిఘంటువూ వచ్చింది. మొదటి మాట రాసుకున్న నాటి నుంచి సుమారు నలభై ఏళ్లు. తొమ్మిది వందల చిరునామాలకే విసుగెత్తిన మాకు ఈ లెక్క చూసి నోట మాట రాలేదు.

ఇక వాడుకభాష సంగతి మీకు పాఠాల్లో ఉన్నదే, కొంచెమే చెబుతాం. 1907 ప్రాంతంలో యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర జిల్లాల బడులకు తనిఖీ అధికారి. జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడిలో చెప్పే తెలుగు ఇంకొకటి ఎందుకున్నాయన్న ప్రశ్న ఆయనకు వచ్చింది. పంతులుగారు, గురజాడ, విశాఖలో ప్రిన్సిపాల్‌గా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో కలిశారు. అటువైపు జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు, 1911లో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు. నోట ఆడే మాట వ్యాకరణంలో లేదు కాబట్టి తప్పు అన్నది వాళ్ల జల్లెడ. పంతులుగారు 1911లో ఉద్యోగం విరమించి ఈ పనికే కూర్చున్నారు. ఆయన ఎదురు అరవలేదు, పట్టికలు తీశారు. తాళపత్రాలు, పాత వచనాలు, వ్యాఖ్యానాలు తిరగేసి, తప్పని కొట్టేసిన రూపాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక్కొక్కటీ చూపించారు. గ్రాంథికం రాయాలన్నవారి రాతల్లోనే గ్రాంథికం ఎక్కడ తప్పిందో ఏరి పెట్టారు. 1916లో కొవ్వూరు సభలో ఆ ఆధారాలన్నీ ముందు పెట్టుకొని సుమారు నాలుగు గంటలు మాట్లాడారు. 1919లో తెలుగు అనే పేరుతో పత్రిక నడిపారు. 1924లో పరిషత్తు వాడుకభాష మీద నిషేధం ఎత్తేసింది. గురజాడ 1915లోనే కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు.

బిరుదులు వచ్చాయి. 1913లో రావ్ బహదూర్, తర్వాత కైజర్-ఇ-హింద్ పతకం, ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి కళాప్రపూర్ణ. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు ఆయన నిరసనగా, యాభై ఏళ్లకు పైగా ఉన్న ఊరు వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి డెబ్బై రెండేళ్లు దాటాయి. అదే 1936లో మంగేయి గొమాంగో సవరలకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. పంతులుగారు 1940 జనవరి 22న మరణించారు. ఆయన పుట్టినరోజును మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటున్నాం. సవర భాషా దినోత్సవంగా కూడా చేసుకుంటే ఆయనకు ఇంకా నచ్చేదేమో అని మాలో ఒకరు అన్నారు. 2004 నుంచి మన రాష్ట్రంలో కొన్ని గిరిజన భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైనప్పుడు అందులో సవర కూడా ఉంది. ఆ వాచకాలు తెలుగు లిపిలోనే వచ్చాయి.

ఈ వ్యాసం రాతప్రతిని మన హాస్టల్లోనే ఉంటున్న, సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక సవర తమ్ముడికి చదివి వినిపించాం. పన్నెండు అన్న మాటను మేం పుస్తకంలో చూసి పలికిన తీరుకు అతను నవ్వాడు. రెండుసార్లు తను పలికి, మూడోసారి మాచేత పలికించాడు. లెక్క మాత్రం సరిగానే ఉందన్నాడు. తమ ఊళ్లో కుర్రాళ్లు ఇప్పుడు పది దాటాక తెలుగు అంకెలే వాడుతున్నారని, అవ్వ మాత్రం మిగ్గెల్ అనే అంటుందని చెప్పాడు. పేరు వేయవచ్చా అని అడిగితే ఇంటిపేరుతో సహా వేయమన్నాడు. ఈ సంచికకు సహకరించినవారి పేర్లున్న చివరి పేజీలో మొదటి పేరు అతనిదే.

చిరునామాల జాబితా ఇంకా పూర్తి కాలేదు. జవాబు రాని అన్నయ్యల పేర్లు వార్డెన్ గారి గది బయట గోడకు అంటించాం. మీ ఊరివాళ్లు ఎవరైనా ఉంటే చూసి చెప్పండి.