పద్మనాభ రణమున నేలకొరిగిన రాజు

పూసపాటివారి పేరు వినగానే మనకు బొబ్బిలి యుద్ధము స్ఫురించుట సహజము. 1757లో ఆ యుద్ధానంతరము తాండ్ర పాపారాయుని కత్తికి బలియైనవాడు పెద విజయరామరాజు. ఆ పేరే ధరించి, ముప్పదియేడేండ్లకు మరియొక రణమున కూలినవాడు చిన విజయరామరాజు. మొదటివాని కథను బుర్రకథకులు ఊరూర వినిపించిరి. కాని మన సీమలో భూమిపై హక్కు ఏ విధముగా మారినదో తెలుపునది రెండవవాని జీవితము.

1758లో ఆంగ్లేయులను ఆహ్వానించి, చందుర్తి వద్ద ఫ్రెంచివారి పరాజయమునకు తోడ్పడిన ఆనందరాజు అచిరకాలముననే మరణించెను. దత్తత వచ్చిన విజయరామరాజు బాల్యముననే గద్దె నెక్కెను. సవతి యన్న సీతారామరాజు దివానుగా అధికారమంతయు నడపెను. 1765 నాటి మొగలు ఫర్మానాతో, మరుసటి యేటి నిజాము ఒడంబడికతో ఉత్తర సర్కారులు కంపెనీ వశమయ్యెను. వంశధార కడలిలో కలియు కళింగపట్నము గల శ్రీకాకుళం సర్కారును వానిలోనిదే.

నాటి జమీందారునకు భూమి కేవలము సొత్తు కాదు. శిస్తు వసూలు, సైన్యపోషణ, ఈనాములిచ్చుట, తగవులు తీర్చుట దానితో ముడివడియుండెను. పేష్కసు చెల్లించినంతకాలము ఆయన తన సీమకు రాజే. కంపెనీవారికి ఆ రాచరికముతో పని లేదు. సైన్యము తొలగవలెను, పైకము అందవలెను. 1793లో బకాయిలకై జమీని జప్తుచేసి, నెలకు 1200 రూపాయల భత్యముతో మచిలీపట్నము పొమ్మని రాజును ఆజ్ఞాపించిరి. ఆయన పోలేదు. పద్మనాభమున విడిసెను. 1794 జులై 10న కర్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన ఆయనపై బడెను. రాజును, ఆయనను వీడని రాచవారు పెక్కురును అచ్చటనే హతులైరి.

బాలుడైన కుమారుడు నారాయణబాబును ఆశ్రితులు కొండసీమకు తరలించిరి. ఆ సీమ అంతయు కలతపడగా, కంపెనీవారు రాజీకి దిగి జమీని అతనికే తిరిగి యిచ్చిరి. కాని కొండ జమీందారులను దానినుండి వేరుచేసిరి. 1802 శాశ్వత శిస్తు ఏర్పాటు నాటికి మిగిలినవి 24 పరగణాలు, 1157 గ్రామములు; పేష్కసు 5 లక్షలు. సన్నదు జమీందారును భూస్వామిని చేసినది. బాకీపడినచో భూమిని వేలమువేయు అధికారము సర్కారున కుండెను. తండ్రి కత్తితో నిలుపదలచిన హక్కు కుమారునకు కాగితమై దక్కినది.

ఈ బేరమున రైతు నెవరును అడుగలేదు. అతని సాగు హక్కుకు 1908 చట్టము వరకు, జమీందారీల రద్దుకు 1948 వరకు వేచియుండవలసి వచ్చినది. విజయరామరాజు శౌర్యమును స్మరించువారు ఆ రైతునుకూడ మరువరాదు. ఆ రాజు పోరాడిన నేలను దున్నినవాడు అతడే.