జీతం లేని సేవకుడు జోసఫ్ తంబి



పూజకు ముందు గుడి ఊడ్చేవారు, చాపలు పరిచేవారు, పిల్లలకు జపాలు నేర్పేవారు ప్రతి విచారణలోనూ ఉన్నారు. వారిలో కొందరు రెండు మూడేళ్లకే వెనక్కి తగ్గుతారు. పండుగనాడు ప్రకటనలో తమ పేరు చదవలేదనో, పెద్దలెవరో మాట అన్నారనో మనసు విరిగిపోతుంది. మీలో అలా అలసిపోయినవారి కోసమే ఈ వారం బ్రదర్ జోసఫ్ తంబిగారి జీవితం.

ఆయన గురువు కాదు, మఠవాసి కూడా కాదు. పునీత ఫ్రాన్సిస్ అస్సీసివారి మూడవ సభకు చెందిన గృహస్థుడు. తమిళ కుటుంబంలో, ఎక్కడో వియత్నాంలోని సైగాన్‌లో పుట్టారు. పుదుచ్చేరి, కారైకాల్ తీరాల నుంచి తమిళులు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ఆ నగరానికి బతుకు తెరువు కోసం వెళ్లిన కాలమది. తరువాత భారతదేశం వచ్చి, ఊళ్లు తిరిగి తిరిగి, చివరకు కృష్ణా జిల్లా పెద్దావుటపల్లిలో నిలిచారు. కొత్తకోట, వనపర్తి వైపు నుంచి పనుల కోసం దూరదేశాలు పోయిన కుటుంబాలకు పరాయి ఊరిలో నిలదొక్కుకోవడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు. తంబి అంటే తమిళంలో తమ్ముడు. మన తెలుగువారు ఆ తమ్ముడికి 'గారు' చేర్చి పిలుచుకున్నారు!

ఆయనకు పదవి లేదు, జీతం లేదు. కాలినడకన ఇల్లిల్లూ తిరిగేవారు, పిల్లలను పోగుచేసి జపాలు నేర్పేవారు, అడిగి తెచ్చినది పేదలకు పెట్టేవారు. ఆయన దేహంపై ప్రభువు పంచగాయాలు కనిపించేవని భక్తులు చెప్పుకుంటారు. దానిపై తీర్పు తిరుసభది, మనం తొందరపడనక్కరలేదు. నాకైతే ఆ గాయాలకన్నా ఆ నడకే పెద్దదిగా తోస్తుంది. గాయాలు చూడడానికి జనం వస్తారు. గడపగడపకూ పోయి చేయి చాపేవాడిని చూడడానికి ఎవరు వస్తారు?

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మాకు ఒక సంగతి నేర్పారు. ఏ పనికైనా దగ్గరి ఫలితం ఒకటి, చివరి గమ్యం ఒకటి ఉంటాయి. గుడి ఊడిస్తే దగ్గరి ఫలితం శుభ్రమైన నేల. అది సాయంత్రానికి మళ్లీ మట్టి అవుతుంది. అక్కడితోనే ఆగినవారికి విసుగు రాక తప్పదు. తంబిగారు పెట్టిన అన్నం తిన్నవారికి మరునాడు మళ్లీ ఆకలి వేసింది, ఆయన మళ్లీ బయలుదేరారు. ఆ అన్నం ఎవరికి పెడుతున్నారో ఆయనకు తెలుసు గనుక లెక్క చూసుకోలేదు.

1945 జనవరి 15న, సంక్రాంతి దినాలలో, ఆయన కన్నుమూశారు. దైవసేవకుడని పిలువబడుతున్న ఆయనను పునీతుల వరుసలో చేర్చే ప్రయత్నం విజయవాడ మేత్రాసనం చేపట్టింది. ఏటా జనవరి 13 నుంచి 15 వరకు ఆయన సమాధి వద్ద ఉత్సవం జరుగుతుంది. మన వైపు నుంచి వెళ్లేవారు హైదరాబాదు మీదుగా విజయవాడ చేరి, గన్నవరం దారి పట్టాలి. సమాధి వద్ద ప్రార్థించాక, ఆ జనసందోహంలో నీళ్లు అందించేవారినీ, ఎంగిలాకులు ఎత్తేవారినీ కూడా ఒకసారి పలకరించి రండి.