భక్త రామదాసు: దేవుణ్ణి లెక్క అడిగిన తహసీల్దారు

మా కుసుమంచికి కాకతీయుల నాటి గణపేశ్వరాలయం వల్ల పేరు వచ్చింది. పక్క మండలం నేలకొండపల్లికి మాత్రం రెండు విధాల పేరు. అక్కడ బౌద్ధుల మహాస్తూపం ఉన్నది. కంచెర్ల గోపన్న పుట్టిందీ అక్కడే. లోకమంతా దుఃఖమేనని గుర్తించి, దేవుడి ప్రమేయం లేకుండా దానికి మందు వెతికినవారు బౌద్ధులు. ఆ దుఃఖాన్నే మూటగట్టి, దేవుడి గుమ్మంలో దించి, జవాబు చెప్పమని కూర్చున్నవాడు గోపన్న. రెండు దారులూ ఒకే ఊరి నేల మీద కనబడటం నాకెప్పుడూ వింతగానే ఉంటుంది.

దేవుడు దయామయుడు, సర్వశక్తిమంతుడు అంటాం. మరి లోకంలో ఇంత చెడు ఎందుకున్నది? ఆపలేడా? ఆపగలిగీ ఊరుకుంటున్నాడా? గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద ప్రచారంలో ఉన్న చిక్కు ప్రశ్న ఇది. మా ప్రాంతానికి ఇది కేవలం పుస్తకాల ప్రశ్న కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పెరిగింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఖమ్మంలో మున్నేరు ఇళ్ళలోకి వచ్చింది, ఇటు పాలేరు పొంగింది. నీరు తీసిన తర్వాత బురద ఎత్తిపోసుకుంటున్న ఇల్లాలు పైకి చూసి ఏమడుగుతుందో, నాలుగు చోట్ల తిరిగిన వారికి తెలుసు. అదే ప్రశ్న గోపన్న మూడు వందల ఏళ్ళ కిందట గోల్కొండ చెరసాలలో అడిగాడు.

గోపన్న 17వ శతాబ్దం వాడు. తండ్రి లింగన్న, తల్లి కామాంబ. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ కుతుబ్ షా, అనగా మన తానీషా, కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలు. ఆ అండతోనే పాల్వంచ పరగణాకు తహసీల్దారు అయ్యాడని చెబుతారు. భద్రాచలంలో పోకల దమ్మక్క అనే భక్తురాలు పందిరి వేసి పూజ చేసుకుంటున్న రాముడికి గుడి కట్టించాలని పూనుకున్నాడు. చందాలు చాలలేదు. వసూలైన సర్కారు శిస్తు కూడా గుడికే పెట్టాడు. ఆరు లక్షల వరహాలని మనవాళ్ళ లెక్క. సుల్తాను పట్టి తెప్పించి కోటలో బంధించాడు. పన్నెండేళ్ళ చెర అని కథ. తానీషా ఏలుబడి 1672 నుంచి 1687 దాకా పదిహేనేళ్ళే కనుక, ఆ పన్నెండు కొంచెం పెంచి చెప్పిందేమో. అయినా దెబ్బలు తింటూ చీకట్లో గడిపినవాడికి ఒక్క ఏడాది తక్కువా?

ఆ చీకట్లో పుట్టినవని చెప్పే కీర్తనలే ఆయన్ని మనకు మిగిల్చాయి. మొదట వేడుకుంటాడు. రాముడు పలకకపోతే సీతమ్మను మధ్యవర్తిగా పెట్టుకుంటాడు. అప్పటికీ పని కాకపోతే కోపం వస్తుంది. ఏ నగకు ఎంత ఖర్చు పెట్టానో, ఎవరెవరికి ఏమేం చేయించానో వరుసగా చదివి, నిన్ను నీవు రాజువనుకొని ఊరేగుతున్నది ఎవరి సొమ్ముతో అన్నంత మాట అంటాడు. వెంటనే, దెబ్బల బాధకు నోరు జారాను, తప్పుపట్టకు అంటాడు. నాకు ఇక్కడ భక్తుడి కంటే తహసీల్దారు ఎక్కువ కనిపిస్తాడు. సర్కారుకు బాకీపడి జైలుకు పోయిన మనిషి, దేవుడే తనకు బాకీ ఉన్నాడని జమాఖర్చు తీశాడు!

హరికథల్లో దీనికి ఒక సమాధానం ఉంది. పూర్వజన్మలో ఆయన ఒక చిలుకను పన్నెండేళ్ళు పంజరంలో పెట్టాడట, ఆ ఫలమే ఈ చెర అట. వినటానికి లెక్క సరిపోయినట్లే ఉంటుంది. కానీ ఆలోచించండి. చిలుక పాపమే కారణమైతే కొట్టిన బంట్రోతు తప్పు ఏమీ లేదు, అతను కర్మ చేతిలో కర్ర మాత్రమే. ఇంటి దగ్గర ఎదురుచూసిన భార్య కమలమ్మ ఏ చిలుకను బంధించింది? పైగా బాధపడేవాడిదే నేరమని తేల్చే న్యాయం ఇది. వరదలో ఇల్లు పోయినవాడితో ఈ మాట అనగలమా?

ఇంకో సంగతి దాచకూడదు. శిస్తు డబ్బు రైతు చెమట. అనుమతి లేకుండా ఖర్చు పెట్టడం సుల్తాను కళ్ళకు నేరమే. అంటే గోపన్న కష్టంలో కొంత మనుషులు చేసుకున్నది, దాన్ని దేవుడి మీదకు తోయలేం. కానీ చేసిన దానికీ పడిన దానికీ పొంతన లేదు. ఆ మిగిలిన భాగానికే ఆయన జవాబు అడిగాడు.

చివరికి రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో రామలక్ష్మణులే వచ్చి తానీషాకు బాకీ తీర్చారని, రామదాసు విడుదలయ్యాడని కథ. తానీషా మనసు మారి పంపాడనే ముత్యాల తలంబ్రాల ఆనవాయితీ ఇప్పటికీ శ్రీరామనవమికి సాగుతున్నది. చరిత్ర మాత్రం అక్కడ ఆగలేదు. 1686లో అక్కన్న మాదన్నలను గోల్కొండలో చంపేశారు. మరుసటి ఏడు కోట ఔరంగజేబు వశమైంది. తానీషా దౌలతాబాదు కోటలో ఖైదీగానే కన్నుమూశాడు. వాళ్ళ కోసం ఏ రామోజీ రాలేదు. ఒకరికి వచ్చి ఇంకొకరికి రాని దేవుడి సంగతేమిటన్నది, కథ సుఖాంతమైనా మిగిలిపోయే ప్రశ్న.

దీనికి నా దగ్గర జవాబు లేదు. ఒకటి మాత్రం తెలుస్తున్నది. ఫిర్యాదు చేసేవాడు న్యాయం అనేది ఒకటున్నదని నమ్మినవాడే. గోపన్న రాముణ్ణి విడిచిపెట్టలేదు, అన్యాయాన్ని న్యాయమనీ అనలేదు. ఈ రెండో పని ఆస్తికుడికైనా నాస్తికుడికైనా అవసరమే. హాస్టల్లో రాత్రిళ్ళు దేవుడున్నాడా లేడా అని గొంతు చించుకునే మిత్రులకు నాదొక మనవి. ఏ పక్షమైనా ఉండండి, ఏడ్చేవాడి నోరు మాత్రం కర్మ పేరు చెప్పి మూయకండి. రాముడి ముందే నోరు తెరిచిన మనిషిది మన జిల్లా.