గ్యాస్ సిలిండర్‌ని రాడ్డుకి పూసినాయన

ఇంటి షెడ్డులో సరదా పనులకి చవకలో ఏ వెల్డింగ్ మెషీన్ కొనాలి? నాతోపాటు మనలో చాలామందిది ఇదే ప్రశ్న. నాకు జవాబు 1870లో స్వీడన్‌లో పుట్టిన ఆస్కార్ షెల్‌బెర్గ్ జీవితంలో దొరికింది.

ఆయన ఓడల్లో ఇంజనీరుగా పనిచేశాడు. అప్పట్లో బాయిలర్లు కారితే రివెట్లు కొట్టి మాట్లు వేసేవాళ్లు. కరెంటు ఆర్కుతో అతుకుదామంటే, గాలిలోని ఆక్సిజన్, నైట్రోజన్ కరిగిన ఇనుములో కలిసి అతుకు గుల్లగా, పెళుసుగా తయారయ్యేది. షెల్‌బెర్గ్ ఇనుప తీగని కార్బొనేట్లు, సిలికేట్లు కలిపిన చిక్కటి ముద్దలో ముంచి ఆరబెట్టాడు. కాలేటప్పుడు ఆ పూతే కొంత గ్యాసై, కొంత స్లాగై కరిగిన లోహానికి గొడుగు పట్టింది. 1904లో గోథెన్‌బర్గ్‌లో ఆయన పెట్టిన కంపెనీయే ఈసాబ్. 1931లో కన్నుమూశాడు.

ఇక మన జేబు సంగతి. మిగ్ వెల్డింగ్‌కి మామూలుగా గ్యాస్ సిలిండర్, రెగ్యులేటర్ కావాలి. రాడ్డు మెషీన్‌కి అవి అక్కర్లేదు. సిలిండర్ పని ఆ పూతే చేస్తుంది. అందుకే నా ఓటు చిన్న ఇన్వర్టర్ రాడ్డు మెషీన్‌కే. 2.5 మి.మీ. 6013 రాడ్డుకి 70–90 ఆంపియర్లు చాలు. డబ్బా మీద పెద్ద అంకె చూసి మురిసిపోకండి, డ్యూటీ సైకిల్ చూడండి: 30 శాతమంటే, ఆ కరెంటు దగ్గర 10 నిమిషాల్లో 3 నిమిషాలే వెల్డింగ్. 1 మి.మీ. రేకు పని ఎక్కువుంటే మాత్రం మిగ్ నయం, రాడ్డు చిల్లులు పెడుతుంది.

మిగిలిన డబ్బుతో మంచి హెల్మెట్, తోలు గ్లోవ్స్ కొనండి. మెషీన్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, కళ్లు కొనలేం.