వరద నేర్పిన పాఠం – సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య



వార్షికోత్సవం అనగానే మనకు ముందుగా గుర్తుకొచ్చేవి బహుమతులు. ఆటల్లో గెలిచినవారికి, చదువులో ముందున్నవారికి, వ్యాసరచన, వక్తృత్వ పోటీల్లో నెగ్గినవారికి పెద్దల చేతుల మీదుగా బహుమతులు అందుతాయి. అలాగే ఊళ్లను బాగుచేసి, నగరాల్లో మనుషులు ఆరోగ్యంగా బతికేలా కృషి చేసిన వారిని సత్కరించే పురస్కారాలు కూడా లోకంలో ఉన్నాయి. మన దేశపు అత్యున్నత పురస్కారమైన భారతరత్నను 1955లో ముగ్గురికి ఇచ్చారు. ఒకరు ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ. రెండవవారు పండితులు భగవాన్ దాస్. మూడవవారు ఒక ఇంజనీరు. ఆయనే సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. వరద నీటి అంచున బతికే మన ఏలూరు, కొల్లేరు ప్రాంతపు పిల్లలం ఆయన జీవితాన్ని తప్పక తెలుసుకోవాలి.

ఆయన పుట్టింది నేటి కర్ణాటకలోని చిక్కబళ్లాపురం దగ్గర ముద్దేనహళ్లి అనే పల్లెలో. పుట్టినరోజు సెప్టెంబరు 15. తండ్రి శ్రీనివాసశాస్త్రి, తల్లి వెంకటలక్ష్మమ్మ. పూర్వీకులు మన ప్రకాశం జిల్లా మోక్షగుండం గ్రామం నుండి వలస వెళ్లినవారు. ఆయన ఇంటిపేరు ఆ ఊరి పేరే. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగళూరులో చదువుకోవడానికి చేతిలో డబ్బు లేదు. ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి, దానితో తన పొట్ట పోషించుకుంటూ కళాశాలకు వెళ్లారు. డిగ్రీ అయ్యాక మైసూరు ప్రభుత్వం ఇచ్చిన విద్యార్థి వేతనంతో పూనాలో ఇంజనీరింగ్ చదివి మొదటి స్థానంలో నిలిచారు. ప్రభుత్వ సాయంతో చదువుకునే మనలాంటి వారికి ఇది ఎంతో దగ్గరి విషయం.

1884లో బొంబాయి ప్రభుత్వంలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. సింధు నది ఒడ్డున ఉన్న సుక్కూరు పట్టణానికి మంచినీటి పథకం పూర్తి చేశారు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన రూపొందించిన గేట్లు అమర్చారు. నీరు ఒక మట్టం దాటగానే వాటంతట అవే తెరుచుకోవడం, మట్టం తగ్గగానే మూసుకోవడం ఆ గేట్ల ప్రత్యేకత. పేరు ప్రతిష్ఠలు వస్తున్న సమయంలోనే ఆయన ఆ ఉద్యోగం వదిలి విదేశీ పర్యటనకు వెళ్లారు. అక్కడ ఉండగానే నిజాం ప్రభుత్వం నుండి పిలుపు వచ్చింది.

దానికి కారణం 1908 సెప్టెంబరు 28న హైదరాబాదును ముంచెత్తిన మూసీ వరద. అఫ్జల్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు దెబ్బతిన్నాయి. సుమారు 15,000 మంది చనిపోయి ఉంటారని అంచనా. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టును నేటికీ తలుచుకుంటారు. నది ఒడ్డున పల్లపు బస్తీల్లో మట్టి గోడల ఇళ్లలో ఉన్నవారికి మాత్రం తప్పించుకునే దారే లేకపోయింది.

1909లో విశ్వేశ్వరయ్య గారు హైదరాబాదు వచ్చారు. నగరంలో కూలిన గోడలను చూసి ఊరుకోలేదు. వరద ఎక్కడ పుట్టిందో వెతుక్కుంటూ నది పైకి వెళ్లారు. మూసీ పరీవాహక ప్రాంతంలో 788 చెరువులుంటే, వాటిలో 221 తెగిపోయినట్టు లెక్క తేలింది. పై చెరువు తెగి కింది చెరువు మీద పడింది. ఆ రెండూ కలిసి మూడో దాని మీద పడ్డాయి. వాన నీటికి ఈ తెగిన చెరువుల నీరు తోడై నగరం మీదికి వచ్చింది. అందుచేత నగరంలో గోడలు కట్టినంత మాత్రాన సరిపోదని, నగరానికి ఎగువనే వరదను ఆపి, మెల్లమెల్లగా కిందికి వదలాలని ఆయన సూచించారు.

ఆ ఆలోచన ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లోను, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను ఆపడానికి కట్టిన ఆ జలాశయాలే తరతరాలుగా నగరానికి మంచినీళ్లు ఇచ్చాయి. నది గట్లను బాగుచేయాలని, మురుగునీరు పోవడానికి భూగర్భ కాలువలు వేయాలని, వీధులు వెడల్పు చేయాలని కూడా ఆయన చెప్పారు. 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు ఇరుకు బస్తీలను బాగుచేసే పని చేపట్టింది. ఆ తర్వాత కూడా ఆయన హైదరాబాదుకు వచ్చి మురుగునీటి పారుదల పథకానికి సలహాలిచ్చారు. ప్రణాళిక ఆయనదే అయినా, పని పూర్తి చేసినవారు నవాబ్ అలీ నవాజ్ జంగ్ వంటి స్థానిక ఇంజనీర్లు, పేర్లు తెలియని వేలాది మంది కూలీలు. ఈ సంగతి మనం మరువరాదు.

హైదరాబాదు నుండి ఆయన మైసూరు సంస్థానానికి చీఫ్ ఇంజనీరుగా వెళ్లారు. 1912 నుండి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగర్ ఆనకట్ట, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం, 1917లో బెంగళూరు ఇంజనీరింగ్ కళాశాల ఆయన కాలంలో రూపుదిద్దుకున్నవే. 1915లో బ్రిటిష్ ప్రభుత్వం సర్ బిరుదునిచ్చింది.

మిత్రులారా, ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండా చెప్పుకోవాలి. ప్రభుత్వోద్యోగాలు ఒక్క వర్గం చేతిలోనే ఉన్నాయని, వెనుకబడిన వర్గాలకు వాటా కావాలని మైసూరులో ఉద్యమం వచ్చింది. మహారాజు 1918లో మిల్లర్ సంఘాన్ని నియమించారు. విశ్వేశ్వరయ్య గారు దీనిని అంగీకరించలేదు. కులాన్ని బట్టి ఉద్యోగాలిస్తే పాలనలో సామర్థ్యం తగ్గుతుందని ఆయన భావించారు. ఆ ఏడాది చివర దివాను పదవి వదులుకున్నారు. మరుసటి సంవత్సరం మిల్లర్ సంఘం వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో వాటా ఇవ్వాలనే నివేదిక ఇచ్చింది. నమ్మినదాని కోసం పదవిని వదులుకోవడం గొప్పే. కానీ ఈ విషయంలో చరిత్ర ఆయన పక్షాన నిలవలేదు. ఈ హాస్టల్ గోడల మధ్య చదువుకుంటున్న మనమే దానికి సాక్ష్యం.

వరద వచ్చినప్పుడు ముందుగా మునిగేవి ఎవరి ఇళ్లు? పల్లంలో ఉన్న పేటలు, కాలువ గట్టు మీది గుడిసెలు, లంక గ్రామాలు. నీరు ఏ దారిన వస్తుందో, ఏ గట్టు బలహీనమో అక్కడి పిల్లలకు పుస్తకం చదవకముందే తెలుసు. ఆ పిల్లలు ఇంజనీర్లయితే సామర్థ్యం తగ్గదు, పెరుగుతుంది. ఆయన విద్యను నేర్చుకుందాం. ఆయన ఒప్పుకోని మాటను మన పనితో రుజువు చేద్దాం.

మన ప్రాంతాన్నే చూడండి. తమ్మిలేరు ఏలూరును ఆనుకుని ప్రవహించి కొల్లేరులో కలుస్తుంది. బుడమేరు నీరూ అక్కడికే చేరుతుంది. కొల్లేరు నీటికి సముద్రానికి దారి ఉప్పుటేరు. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ పొంగితే వరి చేలు మునిగిపోతాయి. కొల్లేరులో చేపల చెరువుల గట్లు పెరిగి నీటికి చోటు తగ్గిపోయిందని 2006లో ప్రభుత్వం ఎన్నో గట్లను కొట్టివేయించింది. అప్పుడు సరస్సు మీద ఆధారపడిన పేదల బతుకుతెరువు ప్రశ్న కూడా ముందుకొచ్చింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ వంటి బస్తీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. నూరేళ్ల క్రితం మూసీ నేర్పిన పాఠమే ఇది. నీటి చోటు నీటికి వదలాలి. వరద గురించి వరద రాకముందే ఆలోచించాలి. మునిగే వారిని కూడా ఆ ఆలోచనలో కూర్చోబెట్టాలి.

విశ్వేశ్వరయ్య గారు నిండు నూరేళ్ల జీవితం గడిపి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. ఆయన పుట్టినరోజును ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. హైదరాబాదు ఖైరతాబాద్‌లోని ఇంజనీర్ల సంస్థ భవనానికి ఆయన పేరే పెట్టారు. బిరుదులు, పతకాలు ఒక మనిషికి ఇచ్చేవి. రాత్రి వాన కురుస్తున్నా ఊరు భయం లేకుండా నిద్రపోగలిగితే, అదే ఆ మనిషి ఊరికి తిరిగి ఇచ్చే బహుమతి.

తాడేపల్లిగూడెంలో 2015 నుండి జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నడుస్తోంది. మన ఊళ్ల నుండి అక్కడికి దూరం ఎంతో లేదు. ఈ వార్షికోత్సవంలో బహుమతి అందుకున్న వారూ, అందుకోని వారూ ఆ గేటు వైపు ఒకసారి చూడండి. మన పేటను ముంచే నీటికి దారి చూపే ఇంజనీరు రేపు మనలో నుంచే రావాలి.