సున్నా దగ్గర ఆగిపోని హాల్‌

గేమ్‌ కంట్రోలర్‌ టేబుల్‌ మీద ఉంది. స్టిక్‌ను ఎవరూ తాకలేదు. అయినా తెర మీద బొమ్మ మెల్లగా ఎడమవైపు నడిచి వెళ్లిపోతోంది. గేమర్లు దీన్ని స్టిక్‌ డ్రిఫ్ట్‌ అంటారు. వేలకు వేలు పోసి కొన్న ప్రీమియం కంట్రోలర్‌కూ ఈ జబ్బు రావచ్చు. అందుకే ఇప్పుడు కొన్ని కంట్రోలర్ల డబ్బా మీద హాల్‌ ఎఫెక్ట్‌ స్టిక్స్‌ అని ప్రత్యేకంగా ముద్రిస్తున్నారు.

ఆ పేరు మీకు కొత్తేం కాదు. ఇంజినీరింగ్‌ ఫిజిక్స్‌లో చదివే ఉంటారు. ఫార్ములా బట్టీపట్టి, బొమ్మ గీసి, మార్కులు తెచ్చుకుని మర్చిపోయి ఉంటారు కూడా. ఆ పేరు ఓ మనిషిది. ఆయన కంట్రోలర్‌ను చూడలేదు, కంప్యూటర్‌నూ చూడలేదు. కానీ టెస్టింగ్‌ ఉద్యోగానికి వెళ్లాలనుకునే ఎవరికైనా ఆయన కథలో పనికొచ్చే విషయం ఒకటుంది. పరీక్షలో ఏమీ తేలనప్పుడు ఏం చేయాలి?

బడి ఉద్యోగం వదిలి

ఎడ్విన్‌ హెర్బర్ట్‌ హాల్‌ 1855 నవంబరు 7న అమెరికాలోని మెయిన్‌ రాష్ట్రంలో, గోరమ్‌ అనే ఊళ్లో పుట్టారు. అదే రాష్ట్రంలోని బోడిన్‌ కాలేజీలో 1875లో డిగ్రీ పూర్తిచేశారు. తర్వాత రెండేళ్లు స్కూళ్లలో ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. చేతిలో ఉద్యోగం ఉంది, గౌరవం ఉంది. అయినా 1877లో దాన్ని వదిలేసి మళ్లీ విద్యార్థిగా మారారు. బాల్టిమోర్‌లోని జాన్స్‌ హాప్కిన్స్‌ యూనివర్సిటీలో చేరారు. అది మొదలై అప్పటికి ఏడాదే అయింది. ఫిజిక్స్‌ ప్రొఫెసర్‌ హెన్రీ రోలండ్‌ ఆయనకు గురువు.

పుస్తకంలో ఓ మాట

అక్కడ చదువుతుండగా హాల్‌ చేతికి జేమ్స్‌ క్లర్క్‌ మాక్స్‌వెల్‌ పుస్తకం వచ్చింది. విద్యుత్తు, అయస్కాంతత్వం మీద 1873లో వచ్చిన ఆ గ్రంథం అప్పట్లో అందరికీ ప్రామాణికం. అందులో ఓచోట హాల్‌ ఆగిపోయారు. కరెంటు పారుతున్న తీగను అయస్కాంతం దగ్గర పెడితే తీగ మీద బలం పనిచేస్తుంది. ఆ బలం తీగ మీదే పనిచేస్తుంది తప్ప, లోపలి కరెంటు మీద కాదని మాక్స్‌వెల్‌ రాశారు.

హాల్‌కు ఇది మింగుడుపడలేదు. కరెంటు లేని తీగను అయస్కాంతం పట్టించుకోదు. కరెంటు ఉంటేనే బలం. కరెంటు పెరిగితే బలమూ పెరుగుతుంది. అలాంటప్పుడు కరెంటుకు ఏమీ తగలదంటే ఎలా? కొన్నాళ్లకే స్వీడన్‌ శాస్త్రవేత్త ఎడ్లండ్‌ వ్యాసం చదివితే, అందులో మాక్స్‌వెల్‌ చెప్పినదానికి విరుద్ధంగా ఉంది. హాల్‌ నేరుగా రోలండ్‌ దగ్గరికెళ్లి అడిగారు. రోలండ్‌కూ ఆ మాట మీద అనుమానమే. తాను ఇంతకుముందు హడావుడిగా ఓసారి ప్రయత్నించానని, ఏమీ కనిపించలేదని చెప్పారు. కావాలంటే నువ్వు చేసి చూడమన్నారు.

ఎదురుగా ఉన్నది మాక్స్‌వెల్‌. అడుగుతున్నది ఇంకా డాక్టరేట్‌ కూడా రాని 23 ఏళ్ల కుర్రాడు. ఒక్క మీటర్‌ రీడింగ్‌ తప్పితే ఆయన దగ్గర వేరే బలం లేదు.

520 రీడింగ్‌లు, ఫలితం శూన్యం

హాల్‌ ఆలోచన ఇలా సాగింది. పంటకాలువలో నీళ్లను ఎవరో ఒక గట్టువైపు నెడుతున్నారనుకోండి. నీళ్లన్నీ ఆ పక్కనే ఇరుక్కుని పారాలి. పారే దారి ఇరుకవుతుంది. అలాగే అయస్కాంతం కరెంటును తీగలో ఓ పక్కకు నెడితే, తీగ రెసిస్టెన్స్‌ కొంచెం పెరగాలి.

జర్మన్‌ సిల్వర్‌ తీగను చుట్టగా చుట్టి, విద్యుదయస్కాంతం ధ్రువాల మధ్య పెట్టారు. వీట్‌స్టోన్‌ బ్రిడ్జ్‌తో రెసిస్టెన్స్‌ కొలిచారు. పది లక్షల్లో ఒక వంతు మార్పు వచ్చినా పట్టేసేంత జాగ్రత్తగా అమర్చుకున్నారు. 1879లో ఆ రీడింగ్‌లు తీశారు. 13 వరసలు, ఒక్కో వరసలో 40 రీడింగ్‌లు. అంటే మొత్తం 520.

తేలిందేమిటి? ఏమీ లేదు. నమ్మదగ్గ మార్పు ఏదీ కనిపించలేదు.

మనలో చాలామంది ఇక్కడే రిపోర్టు రాసేస్తారు. మాక్స్‌వెల్‌ కరెక్టే, గురువుగారికీ రాలేదు, నాకూ రాలేదు, ఫైలు మూసేద్దాం అనుకుంటాం. హాల్‌ మూయలేదు. తన ప్రయోగం నిజంగా దేన్ని కాదంది అని మళ్లీ లెక్క చూసుకున్నారు. కరెంటు పక్కకు జరగలేదని మాత్రమే తేలింది. దాన్ని ఎవరూ నెట్టడం లేదని తేలలేదు. నెడుతున్నా జరగడానికి చోటు లేకపోతే? అప్పుడు ఓ పక్కన ఒత్తిడి పెరగాలి కదా!

కొలిచే చోటు మారింది

మళ్లీ కాలువనే చూడండి. నీటి పారుదల తగ్గిందా లేదా అని కాకుండా, రెండు గట్ల దగ్గర నీటిమట్టం సమానంగా ఉందా లేదా అని చూడాలి. అంటే కరెంటు వెళ్లే దారి పొడవునా కాదు, దానికి అడ్డంగా వోల్టేజ్‌ కొలవాలి.

రోలండ్‌ వెనక ప్రయత్నించిందీ ఇలాంటి కొలతే. అయితే ఈసారి మందపాటి లోహపు ముక్క వద్దని, గాజు పలక మీద అంటించిన బంగారు రేకు వాడమని సలహా ఇచ్చారు. అంతే కరెంటు పలుచటి రేకులో పారితే అడ్డంగా వచ్చే వోల్టేజ్‌ ఎక్కువగా ఉంటుంది. మందపాటి ముక్కలో మీటర్‌కు అందనంత చిన్నగా ఉండే సంకేతం, రేకులో అందింది.

1879 అక్టోబరు చివరి వారంలో గాల్వనోమీటర్‌ కదిలింది.

కదిలింది సరే, నిజమేనా?

ట్రబుల్‌షూటింగ్‌ చేసేవాళ్లు గమనించాల్సింది ఈ భాగాన్నే. ముల్లు కదలగానే హాల్‌ సంబరపడిపోలేదు. అయస్కాంతం లేనప్పుడు రేకు రెండు అంచుల మీద దాదాపు సమాన వోల్టేజ్‌ ఉన్న చోట్లను వెతికి తీగలు కలిపారు. ముందు సున్నా ఎక్కడుందో తెలియాలి కదా. తర్వాత ఇంకో అనుమానం. అయస్కాంతం ఆన్‌ చేసిన క్షణంలో పుట్టే ప్రేరిత విద్యుత్తేమో? అదైతే క్షణంలో పోవాలి. ఇది నిలకడగా ఉంది. పెద్ద అయస్కాంతం గాల్వనోమీటర్‌నే నేరుగా కదిలిస్తోందేమో? దాన్నీ విడిగా చూసి కొట్టేశారు. అయస్కాంతం దిశ తిప్పేస్తే ముల్లు కూడా అటు తిరిగింది. అన్నీ దాటాకే నమ్మారు.

ఆ ఫలితం 1879లోనే అమెరికన్‌ జర్నల్‌ ఆఫ్‌ మ్యాథమెటిక్స్‌లో అచ్చయింది. మాక్స్‌వెల్‌ ఆ నవంబరు 5నే కన్నుమూశారు. 1880లో హాల్‌కు డాక్టరేట్‌ వచ్చింది. అప్పటికి ఎలక్ట్రాన్‌ సంగతే ఎవరికీ తెలియదు. జె.జె.థామ్సన్‌ దాన్ని గుర్తించింది 1897లో. ఇనుము రేకుతో చేస్తే బంగారానికి వ్యతిరేక దిశలో వోల్టేజ్‌ వచ్చిందని కూడా హాల్‌ గమనించారు. దానికి వివరణ దొరకాలంటే క్వాంటమ్‌ సిద్ధాంతం పుట్టాల్సి వచ్చింది. వివరణ లేదని ఆయన రీడింగ్‌ను దాచలేదు.

పాఠాల మనిషి

1881లో హాల్‌ హార్వర్డ్‌లో చేరారు. 1895లో ప్రొఫెసర్‌ అయ్యారు, 1921లో విరమించారు. అక్కడ ఆయన చేసిన ఇంకో పెద్ద పని గురించి మనం తక్కువ వింటాం. అప్పట్లో స్కూళ్లలో ఫిజిక్స్‌ అంటే పుస్తకం చదివి అప్పజెప్పడమే. హార్వర్డ్‌ ప్రవేశాలకు ప్రయోగాలు స్వయంగా చేసి ఉండాలన్న పద్ధతి వచ్చినప్పుడు, దానికి 40 ప్రయోగాల జాబితా తయారుచేసింది హాలే. 1937లో అమెరికా ఫిజిక్స్‌ అధ్యాపకుల సంఘం ఆయనకు ఓర్‌స్టెడ్‌ పతకం ఇచ్చింది. 1938 నవంబరు 20న, 83వ ఏట ఆయన మరణించారు.

స్టిక్‌లోకి ఎలా వచ్చారు?

లోహాల్లో హాల్‌ వోల్టేజ్‌ బాగా చిన్నది. సెమీకండక్టర్లు వచ్చాక అదే వోల్టేజ్‌ వాడుకునేంత పెద్దదైంది. బండి చక్రం వేగం కొలవడం నుంచి ఎలక్ట్రిక్‌ స్కూటర్‌ మోటార్‌ దాకా హాల్‌ సెన్సర్లు చేరాయి. 1998లో వచ్చిన సెగా డ్రీమ్‌కాస్ట్‌ కంట్రోలర్‌ స్టిక్‌లోనూ ఇవే ఉన్నాయి.

మామూలు స్టిక్‌లో పొటెన్షియోమీటర్‌ ఉంటుంది. కార్బన్‌ పూత మీద చిన్న లోహపు నాలుక రాసుకుంటూ తిరుగుతుంది. పాత రేడియో వాల్యూమ్‌ తిప్పితే గరగరమనేది గుర్తుందా? అదే భాగం, అదే అరుగుదల. పూత అరిగినా, దుమ్ము చేరినా సున్నా చోటు తప్పుతుంది. అదే డ్రిఫ్ట్‌. హాల్‌ స్టిక్‌లో కదిలేది అయస్కాంతం. సెన్సర్‌ దూరం నుంచే దాన్ని కొలుస్తుంది. రాపిడి లేదు కాబట్టి ఆ చోట అరిగేదీ లేదు.

మీరే పరీక్షించండి

కంట్రోలర్‌ను కంప్యూటర్‌కు కలిపి గేమ్‌ప్యాడ్‌ టెస్టర్‌ తెరవండి. హాల్‌ చేసినట్టే మొదట సున్నా చూడండి. స్టిక్‌ వదిలేసినప్పుడు రెండు అక్షాల రీడింగ్‌ సున్నాకు దగ్గరగా ఉండాలి. కాస్త అటూఇటూ ఉండటం మామూలే. తర్వాత నాలుగు వైపులా లాగి వదులుతూ ప్రతిసారీ రాసుకోండి.

- ప్రతిసారీ ఒకే తేడా వస్తే ముందు కాలిబ్రేషన్‌ను అనుమానించండి.
- వదిలిన ప్రతిసారీ వేరే చోట ఆగితే స్ప్రింగ్‌నో, యాంత్రిక భాగాన్నో అనుమానించండి.
- నెమ్మదిగా కదుపుతుంటే అంకెలు ఎగిరిపడితే అరిగిన పూత, లేదా దుమ్ము.
- అంచు వెంట పూర్తిగా తిప్పితే ఒక పక్క నొక్కుకుపోయిన వలయం వస్తే ఆ దిశలో రేంజ్‌ తగ్గింది.

కేబుల్‌, పోర్టు, ఫర్మ్‌వేర్‌, కాలిబ్రేషన్‌... ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకే తెలియదు. సెట్టింగ్స్‌లో డెడ్‌ జోన్‌ పెంచితే బొమ్మ నడక ఆగుతుంది కానీ జబ్బు పోదు, కనిపించకుండా పోతుందంతే. హాల్‌ స్టిక్‌ అయినా స్ప్రింగ్‌, ప్లాస్టిక్‌ అరుగుతాయి. కాబట్టి డబ్బా మీది పేరును కాదు, రీడింగ్‌ను నమ్మండి.

ఇంటర్వ్యూకు వెళ్లేముందు

హార్డ్‌వేర్‌ టెస్టింగ్‌, ఎంబెడెడ్‌, వ్యాలిడేషన్‌ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లను ప్రాజెక్టులో ఎదురైన సమస్య గురించి అడగడం మామూలే. చాలామంది గెలిచిన భాగమే చెబుతారు. పనిచేయని భాగం కూడా చెప్పండి. ఏం కొలిచారు, ఏమీ రాకపోతే దాని అర్థం ఏమిటనుకున్నారు, తర్వాత ఏం మార్చారు, వచ్చిన ఫలితం నిజమేనని ఎలా తేల్చుకున్నారు. ఈ నాలుగూ వరసగా చెప్పగలిగితే మీరు పనిచేసే తీరు అవతలివాళ్లకు అర్థమవుతుంది.

హాల్‌కు పేరు తెచ్చింది బంగారు రేకు. కానీ ఆయన్ను ఆ రేకు దాకా తీసుకెళ్లింది, ఏమీ తేలని ఆ 520 రీడింగ్‌లే.